ఈ వారం పుట్టినరోజు ఎవరిది?

రియాద్ చివర సులైలో, గోదాముల వెనక ఉన్న లేబర్ క్యాంపులో భూమేష్ ఏడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పైపు పగిలినా, ట్యాంకు ఎక్కకపోయినా, పై అంతస్తు బాత్‌రూము కింది గది మంచాల మీద కారినా అందరి నోటా అతని పేరే. మెట్‌పల్లి దగ్గరి పల్లె అతనిది. ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ప్లంబరుగా పందొమ్మిదేళ్లు. గోడకు అరచెయ్యి ఆనించి లోపల నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పగలడు. ఇఖామా అనే సౌదీ నివాస కార్డు మీద భూమేష్, పాస్‌పోర్టు మీద భూమేష్, ఊళ్లో రేషన్ కార్డు మీద భూమేష్.

శుక్రవారం పొద్దున నగరానికి ఆ కొసన ఉన్న విల్లాల కాంపౌండులోకి వెళ్లి భూమేష్ ఏడని అడిగితే మాత్రం, ఆయనెవరండీ అని ఎదురు అడుగుతారు. అక్కడ అతను బ్రదర్ ఫిలేమోను. హేమసుందర్ అనే ఇంజనీరు ఇంటి హాల్లో సోఫాలు గోడకు జరిపి, కిటికీలు మూసి, ఏసీ పెద్దగా పెట్టి, నలభై మంది తెలుగు క్రైస్తవులు గొంతు తగ్గించి ప్రార్థన చేసుకుంటారు. ఇంజనీర్లు, నర్సులు, కంప్యూటర్ల వాళ్లు. క్యాంపు నుంచి వచ్చేది ముగ్గురో నలుగురో.

ఆ దేశంలో చర్చిలకు అనుమతి లేదు, అందుకని గేటు దగ్గర మాత్రం అది ప్రార్థన కాదు, పుట్టినరోజు. తొమ్మిదేళ్లుగా ప్రతి శుక్రవారం ఆ ఇంట్లో ఎవరో ఒకరు పుడుతూనే ఉన్నారు. హేమసుందర్ భార్య చరిత దగ్గర పేర్ల జాబితా ఒకటి ఉంది. వరసలో ఎవరి పేరు వస్తే ఆ పేరు క్రీముతో రాయించి బేకరీ నుంచి కేకు తెప్పిస్తుంది, గేటు రిజిస్టరులోనూ అదే పేరు రాయిస్తుంది. ఎవరైనా తలుపు కొడితే గ్రంథాలు సోఫాల కిందికి, కేకు మధ్యకు. ఇన్నేళ్లలో ఎవరూ తలుపు కొట్టలేదు. ఇప్పుడు దేశం మారింది, ఇంత భయం దేనికని కొందరంటారు. భయం పోయినా కేకు అలవాటు పోలేదు.

గేటు దగ్గర కుర్చీలో కూర్చునేది కడప జిల్లా కాలేషా. వచ్చిన ప్రతివాడి ఇఖామా చూసి పేరు రాసుకుంటాడు. లోపల జరిగేది ప్రార్థనేనని అతనికి తెలుసని అందరికీ తెలుసు. అయినా భూమేష్ కనిపించగానే నవ్వు బిగబట్టి అడుగుతాడు.

"ఏమన్నా, ఈ వారం ఎవురిది పుట్టినరోజు?"

"లోపలికి పోతేగాని తెల్వది కాలేషా" అంటాడు భూమేష్. తిరిగి వెళ్లేటప్పుడు కాగితం పళ్లెంలో ఒక ముక్క తెచ్చి అతని చేతిలో పెడతాడు.

ఇక ఈ రెండు పేర్ల సంగతి. ఇరవై నాలుగేళ్ల వయసులో శ్రీరాంసాగర్ కాలువలో ముంచి లేపి ఊరి పాస్టరు అతనికి ఫిలేమోను అని పేరు పెట్టాడు. తల తుడుచుకుంటుండగానే చెవిలో ఇంకో మాట కూడా చెప్పాడు: "ఇది దేవుని కాడి పేరు. సర్కారు కాడ పాతదే ఉండనియ్యి." వాడకట్టులో అందరూ అలాగే చేశారు. చెయ్యక ఏం చేస్తారు? ఊరి హోటల్లో అతని తాతకు గ్లాసు వేరే పెట్టినవాళ్లు తాత ఏ దేవుడికి మొక్కుతాడో అడిగి పెట్టలేదు. సర్కారు మాత్రం అడుగుతుంది. క్రైస్తవుడని తేలిన రోజున ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. గ్లాసు పెట్టినవాళ్లను ఏ ఆఫీసూ పిలిచి అడగదు, గ్లాసులో తాగినవాడే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని ఇరవై రెండేళ్లు భూమేష్ ఒక కాగితం మీద, ఫిలేమోను ఒక కాగితం మీద ఉంటూ వచ్చారు. ఇద్దరూ ఒకే కాగితం మీద ఎప్పుడూ కలవలేదు.

రెండేళ్ల కిందట ఒక శుక్రవారం హేమసుందర్ టీవీలో ఒక వీడియో పెట్టాడు. అమెరికాలో ఆరిజోనా వైపు నవాహో అనే ఆదివాసుల నేల. ఎర్రటి మట్టి, దూరదూరంగా ఇళ్లు. అక్కడి పాస్టర్ ఎల్రాయ్, ఆయనా నవాహో మనిషే, ఒక ముసలామె ఇంటి ముందు నిలబడి చెబుతున్నాడు. ఈమె డెబ్బై ఏళ్లుగా డ్రమ్ములతో నీళ్లు మోసుకుంటోంది, ఇలాంటి ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి, మా మిషన్ ఇంటింటికీ ట్యాంకు పాతి లోపల కుళాయి పెడుతోంది, ఒక ఏడాది మాతో ఉండి సేవ చెయ్యడానికి పని తెలిసిన విశ్వాసి కావాలి.

హాల్లో నలభై తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. వెనక చాప మీద కూర్చున్నది భూమేష్. పదిహేడేళ్లుగా అతని చేతిని ఈ దేశంలో ఎంతమంది పిలిచారో లెక్క లేదు. అందరూ కారుతున్న నీళ్లు ఆపమని పిలిచినవాళ్లే. పేరు పెట్టి, రమ్మని, నువ్వైతేనే అని ఎవరూ పిలవలేదు. ఆ రోజు బస్సులో క్యాంపుకు తిరిగి వస్తూ దారి పొడుగునా ఏడ్చాడు. సంతోషానికే ఏడ్చాడు.

అప్పటినుంచి తయారీ మొదలైంది. శనివారం సాయంత్రం డ్యూటీ దిగి, మంచం మీద కూర్చుని, ఎల్రాయ్‌తో ఫోనులో పాఠం. అక్కడ వాళ్లకు అప్పుడు పొద్దున. మొదట్లో హేమసుందర్ లైనులో ఉండి మాట మాట తెలుగు చేసి చెప్పేవాడు. ఏడాది తిరిగేసరికి భూమేష్ ఇంగ్లీషు తడుముకుంటూ నడవడం నేర్చుకుంది. యాఅతే అంటే నమస్కారం, తో అంటే నీళ్లు అని గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాడు. అక్కడ చలికాలం పైపులో నీళ్లు గడ్డకట్టి పైపును చీలుస్తాయని విని ముందు నమ్మలేదు. సులైలో పైపు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కదా! పైపును ఎంత లోతున పాతాలో, దేనితో చుట్టాలో వీడియోలు చూసి చూసి కంఠతా పట్టాడు.

ఎల్రాయ్ పాఠాలలో దేవుడి మాట తక్కువ. ఆరు నెలలు నోరు మూసుకుని పని చెయ్యాలి. పెద్దలను అడగకుండా ఫొటో తియ్యకూడదు. చెయ్యి గట్టిగా పట్టి ఊపకూడదు, మెత్తగా తాకాలి. వేలు పెట్టి ఎవరినీ చూపించకూడదు, పెదవులతో చూపించాలి.

"మా అవ్వ గూడ గిట్లనే మూతితోని చూపెడుతుండె" అని భూమేష్ గదంతా తిరిగి పెదవులు చాచి చూపించాడు. పక్క మంచం హన్మాండ్లు పడీ పడీ నవ్వాడు.

"పోరా పో, అమెరికా పోయి మూతి తిప్పుకుంట కూసో" అన్నాడు హన్మాండ్లు. అతను శివభక్తుడు. అయినా భూమేష్ ఇంగ్లీషు పాఠం చదువుతుంటే టీవీ సౌండు తగ్గించేవాడు.

ఒక శనివారం ఎల్రాయ్ వాళ్ల నాయనమ్మ సంగతి చెప్పాడు. చిన్నప్పుడు ఆమెను మిషన్ బడికి పట్టుకుపోయారు. జుట్టు కత్తిరించారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు, పేరు తీసేసి ఒక ఇంగ్లీషు పేరు పెట్టారు. దేవుడి పేరు చెప్పే ఆ పనులన్నీ చేశారు. "అందుకే మా వాళ్లకు ప్రార్థన చేసేవాడంటే అనుమానం. నువ్వు ముందు రెంచీ పట్టుకుని రా" అన్నాడు. తర్వాత జేబులోంచి ఒక కార్డు తీసి కెమెరా ముందు పెట్టాడు. తనలో ఎంత నవాహో రక్తం ఉందో సర్కారు రాసి ఇచ్చిన కార్డు అది.

భూమేష్ చాలాసేపు ఆ కార్డును చూశాడు. "మీరు చర్చికి పోతరు గదా. మరి ఆ కార్డు గుంజుకోరా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు.

ఎల్రాయ్‌కు ప్రశ్న అర్థం కాలేదు. ప్రార్థనకూ దీనికీ ఏం సంబంధం, ఇది రక్తం గదా అన్నాడు.

"మా దగ్గర ప్రార్థన చేస్తే రక్తం మారుతదట" అన్నాడు భూమేష్. తెలుగులోనే అన్నాడు. అది ఏ భాషలో చెప్పినా అర్థమయ్యే సంగతి కాదు.

మొన్న జూన్‌లో మిషన్ నుంచి పిలుపు వచ్చింది. వీసాకు పెట్టడానికి బాప్తిస్మం సర్టిఫికెట్ కావాలి, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే ఉండాలి. హేమసుందర్ ఊరి పాస్టరుతో మాట్లాడి, వివరాలు తెప్పించి, మంచి కాగితం మీద అచ్చు వేయించాడు. "భూమేష్ అను ఫిలేమోను" అని ఉంది అందులో. శుక్రవారం అందరూ చప్పట్లు కొడుతుంటే చేతిలో పెట్టాడు. భూమేష్ ఆ కాగితం పట్టుకుని ఫొటో దిగాడు. కొత్త చొక్కా, పక్కన హేమసుందర్, వెనక ఆ వారం కేకు.

ఆ ఫొటోను అతను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లు కంటికి రెప్పలా కాచుకున్న గుట్టును ఒక్క రోజు గర్వానికి బయట పెట్టాడు. పాపం, ఆ ఒక్క రోజైనా గర్వపడకూడదా అంటే ఏం చెబుతాం? సాయంత్రానికి హన్మాండ్లు చూసి కేకలేస్తే తీసేశాడు. కానీ అప్పటికే నాగేందర్ దాన్ని తన ఫోనులో దాచుకున్నాడు. నాగేందర్ భూమేష్ పెదనాన్న కొడుకు. అదే వాడకట్టు, అదే ప్రార్థన మందిరం, ముందు వరసలో కూర్చుని పాడతాడు. అతని బిడ్డా ఆ ఏడు డాక్టరు సీటుకు పరీక్ష రాసింది. ఎస్సీ కోటాలో భూమేష్ కూతురు సృజన కంటే కొంచెం వెనకబడింది, సృజన పేరు పోతే ఆ సీటు ఆ పిల్లకే.

జూలై చివర సృజన ఫోను చేసింది.

"బాపూ, మండల్ ఆఫీసుల మన మీద పిటిషన్ ఇచ్చిండ్రు. నీ ఫొటో పెట్టిండ్రు. మనం క్రైస్తవులమట, ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదట. రెండు వారాలల్ల నువ్వు ఎంబసీల డిక్లరేషన్ రాసి పంపాలె. లేకుంటే నా సీటు పోతది."

"ఎవరిచ్చిండ్రు బిడ్డా?"

"పెద్దబాపు."

తర్వాత భార్య సునీత ఫోను తీసుకుంది. ఆమె నాగేందర్‌ను తిట్టలేదు. "నువ్వు యాడికన్న పో, ఏ దేశమన్న పో. కని పోరి బతుకు ఆగం చేసి పోకు" అంది. సృజన మూడేళ్లు రాత్రనక పగలనక చదివిన పిల్ల. వాళ్ల వంశంలో డాక్టరు దగ్గరికి పోయినవాళ్లే తక్కువ, డాక్టరు అయ్యేదాకా వచ్చింది ఇదొక్కతే.

ఊళ్లో వకీలు రాసి పంపిన డిక్లరేషన్ ఫోనులోకి వచ్చింది. హన్మాండ్లు చదివి పెట్టాడు. నేను పుట్టుకతో హిందువును, ఇప్పటికీ హిందువునే, ఎన్నడూ మతం మారలేదు. ఫిలేమోను అనే పేరుతో నాకు ఏ సంబంధమూ లేదు. ఫొటోలో ఉన్న కాగితం మిత్రులు వేడుకకు చేయించినది.

"మొదటి ముక్క రాయొచ్చు. రెండోది కష్టం" అన్నాడు భూమేష్.

"మరి రాయకు. అమెరికా పో" అన్నాడు హన్మాండ్లు. మనసులో ఆ మాట లేదు, అయినా అన్నాడు. ఎవరో ఒకరు అనాలి కదా!

భూమేష్ వారం రోజులు పనిలోకి వెళ్లి వచ్చాడు, తిన్నాడు, ఇంగ్లీషు పాఠం తెరవలేదు. ప్రార్థన మాత్రం మానలేదు. ఎనిమిదో రోజు సెలవు పెట్టి ఎంబసీకి వెళ్లాడు. ప్లాస్టిక్ కవరులో డిక్లరేషన్, దాని వెనక బాప్తిస్మం సర్టిఫికెట్. రెండోది ఎందుకు తెచ్చుకున్నాడో అతనికే తెలీదు. కౌంటరులోని ఆయన కాగితం చదివి, ఇది నిజమేనా అని హిందీలో అడిగాడు. అందరినీ అడిగే ప్రశ్నే. భూమేష్ నిజమే అన్నాడు. వినపడలేదేమో, ఆయన మళ్లీ అడిగాడు. ఈసారి గట్టిగానే అన్నాడు. సంతకం పెట్టాడు. ముద్ర పడింది.

చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ మిషన్ వాళ్లకు ఆ సర్టిఫికెట్ వెళితే ఆ డిక్లరేషన్ అబద్ధమవుతుంది. అది ఆగాలంటే హేమసుందర్‌కు చెప్పి తీరాలి. శుక్రవారం అందరూ వెళ్లాక హాల్లో నిలబడి చెప్పాడు. హేమసుందర్ చెడ్డవాడేం కాదు. విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కాకపోతే అతని తాత పాస్టరు, తండ్రి ప్రొఫెసరు. వాళ్లింట్లో సర్టిఫికెట్ కోసం దేవుణ్ణి దాచుకోవలసిన అవసరం మూడు తరాలుగా రాలేదు.

"మీరు ప్రభువునే కాదన్నారు బ్రదర్. సంతకం పెట్టి మరీ కాదన్నారు."

"నేను ప్రభువును కాదనలే సార్. ఫిలేమోనును కాదన్న."

"రెండూ ఒకటేనండి."

"ఒకటే అయితే మరి వారం వారం గేటు కాడ బర్త్‌డే అని ఎందుకు రాపిస్తరు సార్? ఆ రిజిస్టర్ల మీ సంతకమే ఉంటది గదా."

"అది వేరండీ. అది జాగ్రత్త."

"నాది గూడ జాగ్రత్తనే. మీరు మీ కొలువు కోసం చేస్తున్రు. నేను నా బిడ్డ కోసం చేసిన."

అంతే, మాట అక్కడ తెగిపోయింది. ఆ వారమే సంఘంలో పెద్దలు నలుగురు కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చారు. ఫిలేమోను అందరి ముందు ఒప్పుకుని పశ్చాత్తాపపడేదాకా ప్రభువు బల్లకు దూరంగా ఉండాలి. అంటే రొట్టె, ద్రాక్షరసం అతనికి ఇవ్వరు. ఆ రసం ఆరేళ్లుగా కాస్తున్నది అతనే. ఎండుద్రాక్ష నానబెట్టి, మరిగించి, వడగట్టి, వేలెడంత గ్లాసులలో పోసేవాడు. అందరి ముందు ఒప్పుకుంటే అది మళ్లీ ఎవరి ఫోనులోకి ఎక్కుతుందో, ఎవరి పిటిషన్‌లో తేలుతుందో! ఒప్పుకోలేకపోయాడు. వెళ్లడం మానేశాడు.

ఎల్రాయ్‌కు తనే చెప్పాడు. ఆయన విని, మా నాయనమ్మ సమాధి మీద బడి పెట్టిన పేరే ఉంది, ఇంట్లో ఎవరమూ ఆ పేరుతో ఆమెను తలుచుకోము అన్నాడు. నిందించలేదు, ఓదార్చలేదు. ఆ ముసలామె ట్యాంకు వాకిట్లోనే ఉంది, చలి రాకముందే పాతాలి, ఇంకొకరిని చూసుకుంటాను అన్నాడు. ఆ చివరి మాటే భూమేష్‌ను పట్టుకుంది. ఇంకొకడు ఆ పైపును సరిగా చుడతాడో లేదో!

సెప్టెంబరులో విచారణ ముగిసింది. భూమేష్ కుటుంబం పోచమ్మకు బోనాలు తీస్తుందని, హిందువులేనని ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పారు. ఆ ఇరుగుపొరుగులో సగం మంది మందిరానికి వచ్చేవాళ్లే. సీటు నిలబడింది. సృజన ఫోనులో వెక్కి వెక్కి ఏడ్చింది.

"బాపూ, నేను, అమ్మ మూడు దినాలు ఉపాసం ఉండి ప్రార్థన చేసినం. యేసయ్య మనల్ని ఇడిసిపెట్టలే బాపూ!"

"అవు బిడ్డా" అన్నాడు భూమేష్. ఆ పిల్ల సంతోషం చూసి నిజంగానే సంతోషించాడు. ఫోను పెట్టేశాక మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. హన్మాండ్లు టీవీ ఆపేశాడు.

అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున్నే చరిత ఫోను చేసింది. వంటింట్లో సింకు కింద పైపు ఊడి నీళ్లు హాల్లోకి వస్తున్నాయి, ఇంకో గంటలో అందరూ వచ్చేస్తారు.

"భూమేష్ గారూ, కొంచెం త్వరగా వస్తారా?"

తొమ్మిదేళ్లలో ఆమె ఆ పేరు పలకడం అదే మొదలు. భూమేష్ రెంచీల సంచి భుజాన వేసుకుని వెళ్లాడు. రానని అనొచ్చు. కానీ నీళ్లు కారుతున్నాయంటే ఆగలేని మనిషి.

సింకు కిందికి దూరి పాత వాషరు తీసి కొత్తది వేస్తుండగా హాలు నిండింది. పాట మొదలైంది, అతనికి వచ్చిన పాటే. తలుపు సందులోంచి గ్లాసుల ట్రే ఒక వరస నుంచి ఇంకో వరసకు వెళ్లడం కనిపించింది. రసం రంగు పల్చగా ఉంది. సరిగా మరిగించలేదు.

పని అయిపోయి లేచి చేతులు తుడుచుకుంటుంటే గట్టు మీద కేకు కనపడింది. తెల్ల క్రీము మీద ఎర్ర అక్షరాలతో పేరు. ఫిలేమోను.

చరిత అతని చూపు చూసి కంగారుపడింది. "జాబితాలో వరసండీ... బేకరీకి ముందే చెప్పి ఉంచాను. మార్చడం మర్చిపోయాను. ఏమీ అనుకోకండి."

"ఏమనుకుంట మేడం. ఎవరో ఒకరి పేరు ఉండాలె గదా" అన్నాడు.

కేకు హాల్లోకి వెళ్లింది. కోశారు, తిన్నారు, బాగుందనుకున్నారు. చరిత ఒక ముక్క కాగితం పళ్లెంలో తెచ్చి, ఇది మీకు అంది. అతను తినలేదు. సంచి భుజాన వేసుకుని, అలవాటు ప్రకారం పళ్లెం పట్టుకుని గేటు దాకా నడిచాడు.

కాలేషా పళ్లెం అందుకున్నాడు. ముందున్న రిజిస్టరులో ఆ రోజు గడిని పెన్నుతో తట్టాడు.

"అన్నా, ఎన్నాళ్లనుంచో అడగాలనుకుంటాండా. ఏటా ఒకసారి ఈ పేరు రాస్తా. ఆ మనిసి మాత్రం గేటు దాటి రాంగా ఒక్కసారీ చూడలేదు. ఎవురన్నా ఈ ఫిలేమోను?"

భూమేష్ రిజిస్టరు వైపు చూశాడు. తర్వాత రోడ్డు వైపు చూశాడు. బస్సుకు ఇంకా టైముంది.

"ఏమో కాలేషా. నాకెర్క లేదు."

కాలేషా కేకు నోట్లో పెట్టుకుని రిజిస్టరు ముందుకు జరిపాడు. వెళ్లే టైము వేసి, పక్క గడిలో భూమేష్ తన పేరు రాసి సంతకం పెట్టాడు.